మాస్కు ఉంది కదా, తలకేమవుతుంది?

డల్లాస్ దగ్గర ఫిజికల్ థెరపిస్టుగా పనిచేస్తాను. బేస్‌బాల్ సీజన్ మొదలైతే చాలు, క్యాచర్ (బ్యాటర్ వెనకాల గొంతుక్కూర్చుని బంతి పట్టేవాడు)గా ఆడే పిల్లల్ని వెంటబెట్టుకుని అమ్మానాన్నలు వస్తారు. మనవాళ్లూ ఉంటారు. వాళ్ల దగ్గర వినీ వినీ విసుగొచ్చిన మాట: "మాస్కు ఉంది కదండీ, తలకేం కాదు."

మాస్కు ముక్కుని, పళ్లని కాపాడుతుంది. లోపల మెదడు కుదుపుని ఆపలేదు. ఫౌల్ టిప్ (బ్యాట్ అంచుకి రాసుకుని వెనక్కి దూసుకొచ్చే బంతి) తగిలి తల ఒక్కసారిగా వెనక్కి ఊగితే చాలు, కంకషన్, అంటే మెదడు అదిరి దాని పని కొన్నాళ్లు దెబ్బతినడం, రావచ్చు. స్పృహ తప్పాలని లేదు, చాలాసార్లు తప్పదు కూడా. సీటీ స్కాన్ చూపించి "అంతా నార్మలే, శనివారం ఆడించొచ్చా?" అంటారు. సీటీలో చూసేది రక్తస్రావం, ఎముక విరగడం. కంకషన్ అందులో కనపడదండీ.

మైక్ మాథెనీ మేజర్ లీగ్‌లో 4 గోల్డ్ గ్లవ్‌లు (ఫీల్డింగ్‌కి ఇచ్చే అవార్డు) గెలిచిన క్యాచర్. ఫౌల్ టిప్‌లు మాస్కుకి తగిలి తగిలి, 2007లో 36 ఏళ్లకే ఆట మానేశాడు. జో మావర్ కూడా క్యాచరే, 3 బ్యాటింగ్ టైటిళ్లు గెలిచినవాడు. 2013 ఆగస్టులో ఫౌల్ టిప్ తగిలింది, లక్షణాలు బయటపడింది మర్నాడు. మరుసటి ఏడాది నుంచి క్యాచింగ్ వదిలి ఫస్ట్ బేస్ దగ్గర ఫీల్డింగ్‌కి మారిపోయాడు. 2018లో చివరి మ్యాచ్‌లో ఒకే ఒక్క బంతికి మళ్లీ క్యాచర్ సామాను తొడుక్కున్నాడు.

రెండేళ్ల కిందట పన్నెండేళ్ల బాబు ఒకడికి ఇలాగే తగిలింది. "బాగానే ఉన్నా" అన్నాడని ఆడించారు. తర్వాతి ఇన్నింగ్స్‌లో రన్నర్ సెకండ్ బేస్‌కి పరిగెడుతుంటే వీడు బంతిని ఫస్ట్ బేస్‌కి విసిరాడు. అందరూ నవ్వారు. రాత్రి వాంతులు. వాళ్లమ్మ వణుకుతూ ఫోన్ చేసి, "నిద్రపోనివ్వచ్చా, లేపి ఉంచాలా?" అంది. ముందు ఎమర్జెన్సీకి తీసుకెళ్లమన్నాను. డాక్టర్ చూసి పంపాక, "ఇప్పుడు హాయిగా పడుకోనివ్వమ్మా, నువ్వూ పడుకో" అన్నాను. తెల్లవార్లూ మేలుకోబెట్టాలన్నది ఎవరు పుట్టించారో గానీ, ఎన్ని ఇళ్లలో నిద్ర చెడగొట్టిందో!

మోకాళ్లు అరిగిపోతాయా? నొప్పులుంటాయి, మావర్‌కి ఆపరేషన్ కూడా అయింది. అయితే ఇవాన్ రోడ్రిగెజ్ 21 సీజన్లలో 2,427 మ్యాచ్‌లకి క్యాచర్‌గా కూర్చున్నాడు. పరుగు తీసే రన్నర్ వచ్చి క్యాచర్ని గుద్దేస్తాడని భయమా? 2011లో అలాగే క్యాచర్ బస్టర్ పోసీ కాలు విరిగింది నిజమే, అలా గుద్దకుండా 2014లో రూల్ వచ్చింది. "వికెట్ కీపింగే కదా" అనే నాన్నలకి ఒక్కటే చెప్తాను. గంటకి 150 కిలోమీటర్ల బౌలింగ్‌కి ఇన్నింగ్స్ అంతా స్టంప్స్‌ని అంటుకుని కూర్చుని కీపింగ్ చేసి చూడండి.

ఆ బాబు నాలుగు వారాలకి మెల్లమెల్లగా ఆటలోకి వచ్చాడు. ఇప్పుడు ఫస్ట్ బేస్ ఆడుతున్నాడు. మళ్లీ క్యాచర్‌గా ఎప్పుడని వాళ్ల నాన్న మొన్న కూడా అడిగారు. వాణ్ణే అడగమన్నాను.