బేచిరాక్ ఊరు: వారమ్ పెర్సీ మీద అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లోని ఉత్తర యార్క్‌షైర్ కొండల్లో మధ్యయుగపు ఊళ్ళ తవ్వకాల మీద పనిచేస్తాను. ఇక్కడికొచ్చే మనవాళ్ళని వారమ్ పెర్సీ అనే పాత ఊరికి తీసుకెళ్తే మొదట అడిగేది ఒకటే: "ఊరేదండీ?" కనిపించేది పచ్చిక, గొర్రెలు, చెరువు, కప్పులేని చర్చి. కాస్త పొద్దు వాలనివ్వమంటాను. ఏటవాలు ఎండ పడగానే గడ్డి కింద ఇళ్ళ గోడల గుర్తులు వరసగా తేలతాయి. ఇలాంటి చోటుని మన రైతులు పాటిదిబ్బ అంటారు. రెవెన్యూ రికార్డులో బేచిరాక్ గ్రామం, అంటే దీపం పెట్టే దిక్కులేని ఊరు.

అపోహ: ప్లేగు వచ్చి ఊరంతా ఒక్కసారిగా పోయింది.

వాస్తవం: 1349లో ప్లేగు యార్క్‌షైర్‌ని కుదిపేసిన మాట నిజమే. కానీ 1368లో కూడా ఇక్కడ సుమారు 30 ఇళ్ళలో జనం ఉన్నారు. అసలు దెబ్బ ఉన్నిది. జనం తగ్గేసరికి కూలి రేట్లు పెరిగాయి, ధాన్యం గిరాకీ పడిపోయింది. పొలం దున్నించడం కంటే గొర్రెలు మేపుకోవడం భూస్వామికి లాభం, పైగా మందకి ఒక్క కాపరి చాలు. 1500 ప్రాంతంలో హిల్టన్ ప్రభువు చివరి నాలుగు ఇళ్ళనీ ఖాళీ చేయించాడని 1517 నాటి ప్రభుత్వ విచారణలో తేలింది. అంటే ప్లేగుకీ ఊరు ఖాళీ కావడానికీ మధ్య నూటయాభై ఏళ్ళున్నాయి. అయినా గైడ్లు ప్లేగు కథే చెప్తారు, వినడానికి బావుంటుంది కదా!

అపోహ: 1086 నాటి డూమ్స్‌డే పుస్తకంలో పేరుంది కాబట్టి ఊరు అప్పుడే పుట్టింది.

వాస్తవం: అది పన్నుల లెక్క, ఊళ్ళ జన్మపత్రిక కాదు. చర్చి కింద తవ్వితే అంతకుముందే అక్కడున్న చిన్న చెక్క చర్చి ఆనవాళ్ళు దొరికాయి.

అపోహ: రైతులవి పాతికేళ్ళు కూడా నిలవని గుడిసెలు.

వాస్తవం: ఒకప్పుడు మా రంగంలోవాళ్ళే ఇలా అనుకున్నారు. మారిస్ బెరెస్‌ఫర్డ్, జాన్ హర్స్ట్ ఆధ్వర్యంలో 1950 నుంచి 1990 దాకా ఏటా ఎండాకాలంలో తవ్వకాలు జరిగాయి. సుద్దరాయి గోడల్ని మళ్ళీమళ్ళీ కట్టినట్టు కనిపించేసరికి ఇల్లు మొత్తం కూలి లేచిందనుకున్నారు. తర్వాత అర్థమైంది: కప్పు బరువు గోడల మీద లేదు, జంటగా నిలబెట్టిన వంపు దూలాల మీద ఉంది. గోడ పోతే మళ్ళీ పెట్టుకునేవారు, ఇల్లు మాత్రం అలాగే ఉండేది. ఊడ్చి ఊడ్చి నేల మధ్యలో గుంట పడిన ఇళ్ళు కూడా బయటపడ్డాయి. అరుగు అలికే ఇంట్లో పెరిగినవాళ్ళకి ఇది వివరించనక్కర్లేదు.

అపోహ: పల్లె గాలి, పల్లె తిండి, అందరూ దిట్టంగా ఉండేవారు.

వాస్తవం: ఇక్కడి ఎముకలు అలా చెప్పవు. పద్నాలుగేళ్ళ పిల్లల ఎత్తు ఇప్పటి పదేళ్ళ పిల్లలంత. అయితే పసిపిల్లలకి ఏడాదిన్నర దాకా తల్లిపాలు అందినట్టు ఎముకల రసాయన పరీక్షలో తెలిసింది.

ఇంకొకటి. ఇళ్ళ మధ్య ఒక గుంటలో 137 ఎముకలు దొరికాయి, కనీసం పదిమందివి. కత్తిగాట్లు, కాల్చిన గుర్తులు ఉన్నాయి. పరాయివాళ్ళని చంపారేమో అనుకున్నారు. 2017లో వచ్చిన పరిశోధన చూస్తే వాళ్ళ పళ్ళు ఈ చుట్టుపక్కల పెరిగినవాళ్ళవే. చచ్చినవాళ్ళు లేచి వస్తారన్న భయంతో శవాల్ని ఇలా చేసి ఉంటారన్నది ఆ పరిశోధకుల మొగ్గు. ఆకలికి మనిషి మాంసం తిన్నారేమో అన్న అనుమానాన్నీ వాళ్ళు కొట్టిపారేయలేదు. నాకు మాత్రం మొదటిదే నమ్మదగ్గదిగా అనిపిస్తుంది.

అపోహ: చర్చి పక్కన నిలబడ్డ సమాధి రాళ్ళు ఆ ఊరివాళ్ళవి.

వాస్తవం: కావు. ఊరు పోయాక కూడా పక్క పల్లెలవాళ్ళు ఆ చర్చికే వచ్చేవారు, రాళ్ళు వాళ్ళవి. చర్చి గోడలో రాళ్ళతో మూసేసిన కమానులు చూడండి. జనం పెరిగినప్పుడు పక్క నడవలు కట్టుకున్నారు, తగ్గాక కూల్చి కమానులు పూడ్చేశారు. ఊరి జనమంతా ఆ కమానులకి ఇవతల, ఏ రాయీ లేని గడ్డి కింద ఉన్నారు. తవ్వకాల్లో బయటికి తీసినవే సుమారు 700 అస్థిపంజరాలు.