గుల్ల మూతి చూసి నత్త తిండి చెప్పొచ్చు, చాలావరకు

కళింగపట్నంలోనో, బారువలోనో, విజయనగరం వైపు చింతపల్లి బీచ్‌లోనో గుల్లలు ఏరినవాళ్లు ఒకటి గమనించే ఉంటారు. కొన్ని చిప్పలకి చక్కగా గుండ్రటి చిల్లు ఉంటుంది. పిల్లలు వాటికి దారం ఎక్కించి దండ చేసుకుంటారు. ఆ చిల్లు అలల దెబ్బకి పడింది కాదు. ఇసుక అడుగున తిరిగే ఒక నత్త ఆ చిప్పని పట్టుకుని, కాస్త ఆమ్లంతో మెత్తబరిచి, కాస్త నాలుకతో గీకి, గంటల తరబడి తొలిచి, లోపలి మాంసం తినేసి పోయింది. చిల్లు పైన వెడల్పుగా ఉండి లోపలికి సన్నబడితే అది మూన్ స్నెయిల్ పని. అంచు నిలువుగా దిగితే మ్యూరెక్స్ కుటుంబపు నత్తని అనుమానించాలి.

ఇంట్లో పగడాల తొట్టె, అదే రీఫ్ ట్యాంక్, పెట్టుకున్నవాళ్లకి ఏ నత్త ఏం తింటుందో తెలియడం బాగా పనికొస్తుంది. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ సరదా ఇంకా తక్కువే. సామాను విశాఖ నుంచో చెన్నై నుంచో తెప్పించుకోవాలి, ఎండాకాలంలో నీళ్లు చల్లగా ఉంచడానికి కరెంటు బిల్లు కట్టుకోవాలి. ఇంత ఖర్చు పెట్టి తెచ్చిన పగడాలతోనూ లైవ్ రాక్‌తోనూ, అంటే జీవులు పట్టిన సముద్రపు రాయితోనూ, డబ్బు కట్టని అతిథులు కొందరు వస్తారు. కొన్ని వారాలు గడిచాక ఏ రాత్రో టార్చి వేస్తే గాజు మీద ఎప్పుడూ చూడని నత్త కనిపిస్తుంది. అప్పుడు మొదలవుతుంది టెన్షన్. కొందరు కనబడినదాన్నల్లా తీసి పారేస్తారు. నన్నడిగితే ఇది తొందరపాటు. అలా ఊరికే వచ్చే నత్తల్లో ఎక్కువ భాగం నాచు గీక్కుని బతికేవే.

మొదట చూడాల్సింది రంగు కాదు, గుల్ల మూతి. నాచు తినే నత్తలకి, టర్బో, ట్రోకస్, ఆస్ట్రేయా లాంటివాటికి, మూతి అంచు ఎక్కడా తెగకుండా గుండ్రంగా ఉంటుంది. మాంసం తినే నత్తలకి చాలావరకు మూతి ఒక చివర గాడి ఉంటుంది, లేదా అది కాలువలా ముందుకి సాగి ఉంటుంది. పూజగదిలోని శంఖాన్ని ఒకసారి చేతిలోకి తీసుకోండి. ఊదే కొన కాదు, రెండో కొన చూడండి. ఆ సాగిన కాలువే ఇది. శంఖం కూడా బతికున్నప్పుడు వేటగాడే, సముద్రం అడుగున పురుగుల్ని పట్టి తినేది.

ఆ గాడి ఎందుకంటే, వేటాడే నత్తకి చూపు అంతంతమాత్రం. అది వాసనతో బతుకుతుంది. ఒంటి మీది పలచని పొర ఒకటి గొట్టంలా చుట్టుకుని బయటికి వస్తుంది. నత్త ఆ గొట్టాన్ని అటూ ఇటూ ఊపుతూ నీళ్లు లోపలికి పీలుస్తుంది. లోపల మొప్ప పక్కనే రసాయనాల్ని పసిగట్టే అవయవం ఉంటుంది. ఎటువైపు నీళ్లలో ఎర వాసన ఎక్కువుందో అటు నడుస్తుంది. గొట్టం బయటికి రావడానికి గుల్లలో దారి కావాలి, అదే గాడి. ఎదురుగా రాయి నిండా నాచు ఉన్నవాడికి ఇంత హంగామా అక్కర్లేదు.

నాలుకలోనూ తేడా ఉంది. నత్త నాలుక మీద వరసలు వరసలుగా పళ్లుంటాయి, దీన్ని రాడ్యులా అంటారు. ట్రోకస్, టర్బోలకి ఒక్కో వరసలో పదుల కొద్దీ సన్నటి పళ్లు. కోరాంతో కొబ్బరి కోరినట్టు రాయి మీది నాచు పొరని గీకేస్తాయి. మ్యూరెక్స్ లాంటివాటికి వరసకి మూడే పళ్లు, కానీ పదునైనవి. కోన్ స్నెయిల్ అయితే ఇంకా ముందుకెళ్లి ఒక పంటిని విషం నింపిన బోలు సూదిగా మార్చుకుంది.

ఇంతవరకు సులువే. చిక్కంతా మినహాయింపుల్లో ఉంది. నాసేరియస్ నత్తకి గాడి ఉంటుంది, ముందుకి చాపిన గొట్టమూ ఉంటుంది. అయినా చాలామంది దాన్ని కొని మరీ తెచ్చుకుంటారు. పగలంతా ఇసుకలో పూడుకుని గొట్టం కొన మాత్రం బయట పెడుతుంది. చేపలకి మేత వేయగానే ఇసుకలోంచి ఒక్కసారిగా లేచి వస్తుంది. దానికి కావలసింది చచ్చిన మాంసం, మిగిలిపోయిన మేత. సెరిత్ నత్తకీ చిన్న కాలువ ఉంటుంది, కానీ అది నాచునీ ఇసుక మీది మడ్డినీ తింటుంది. గవ్వల సంగతి ఇంకో రకం. మనం ఆడుకునే చిన్న పసుపు గవ్వ బతికున్నప్పుడు ఎక్కువగా నాచు తినేదే. పెద్ద జాతి గవ్వలు స్పంజుల మీదా మెత్తటి పగడాల మీదా పడొచ్చు.

దీనికి తిరగేసి, మూతి గుండ్రంగా ఉండి కొంప ముంచేవీ ఉన్నాయి. మొదట చెప్పిన మూన్ స్నెయిల్‌కి గాడి లేదు. సన్‌డయల్ నత్తదీ అంతే. చదునుగా చుట్టుకున్న గుల్ల, మీద గళ్ల గళ్ల మచ్చలు, చూడముచ్చటగా ఉంటుంది. తినేది మాత్రం జోవాంథిడ్‌లని, అంటే పూలలా విచ్చుకుని గుంపుగా పెరిగే పగడాల బంధువుల్ని. పైగా ఆ గుంపు మధ్యనే దాక్కుంటుంది. ఒకవైపు జోవాంథిడ్‌లు రోజుల తరబడి విచ్చుకోకపోతే ఆ సందుల్లో వెతకండి.

అన్నిటికన్నా మోసం చేసేది పిరమిడెల్లిడ్. బియ్యపు గింజకన్నా చిన్నది, తెల్లటి కోసు గుల్ల. దీనికి రాడ్యులానే లేదు. సూదిలాంటి ముక్కుతో పొడిచి రసం పీలుస్తుంది. ట్రైడాక్నా ఆల్చిప్పలూ, మనం నాచు కోసం పెంచుకునే టర్బో, ట్రోకస్‌లూ దీనికి ఎర. ఒకటీ రెండూ ఉన్నప్పుడు కంటికి ఆనదు, గుంపుగా పెరిగాక ఆల్చిప్ప నీరసించిపోతుంది. చీకటి పడ్డాక ఆల్చిప్ప అంచులూ అడుగుభాగమూ చూసి, మెత్తటి టూత్‌బ్రష్‌తో దులిపేయాలి. గుడ్లు మిగిలిపోతాయి కాబట్టి ఒక్కసారితో పని అవ్వదు.

వర్మెటిడ్‌లని చాలామంది నత్తలనే అనుకోరు. కదలవు, రాయికి గట్టి గొట్టంగా అతుక్కుని ఉంటాయి. జిగురు దారాల వల వదిలి, అందులో చిక్కినదాన్ని వెనక్కి లాక్కుని తింటాయి. ఆ జిగురు పక్కనున్న పగడం మీద పడితే అది ముడుచుకుపోతుంది, ఎదుగుదలా తగ్గుతుంది. గొట్టం మూతిని జెల్ రకం సయనోఅక్రిలేట్ జిగురుతో మూసేయడం అందరూ చేసే పని.

ఇన్ని మినహాయింపులున్నప్పుడు గుల్ల ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. నత్త రాత్రి ఎక్కడుంటుందో చూడాలి. గాజు మీదా రాళ్ల మీదా తిరిగి వెనకాల నాచు లేని చార వదిలితే దాన్ని దాని మానాన వదిలేయండి. వరసగా కొన్ని రాత్రులు ఒకే పగడం మీద కూర్చునుంటే బయటికి తీయండి. వారానికో ఖాళీ ట్రోకస్ గుల్ల దొరుకుతుంటే దానికి చిల్లుందేమో చూడండి. అయితే చిల్లు లేదని వేటగాడు లేడని కాదు, కొన్ని మూతి సందులోంచే లోపలికి ముక్కు దూరుస్తాయి. ఇంకో మంచి ఆనవాలు గుడ్లు. ట్రోకస్, టర్బోలు గుడ్లని నీళ్లలోకి వదిలేస్తాయి, తొట్టె కాసేపు పాలు కలిసినట్టవుతుంది. మ్యూరెక్స్, వెల్క్ లాంటి వేటాడే నత్తలు గట్టి తోలు తిత్తుల్ని రాళ్లకి అంటిస్తాయి. అవి కనిపిస్తే గీకేయడమే మేలు.

తేలకపోతే, ఆ నత్తని తొట్టె నీళ్లతోనే విడిగా ఒక డబ్బాలో గాలి పంపుతో పెట్టి, ఒకపక్క నాచు పట్టిన రాయి, ఇంకోపక్క చిన్న రొయ్య ముక్క వేసి చూడండి. ఏదో ఒకటి ఎంచుకుంటుంది.

చేత్తో తీసేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త. కోసుగా, పైన వెడల్పుగా, సన్నటి నిలువు చీలికలాంటి మూతితో ఉన్న గుల్ల కనిపిస్తే పటకారు వాడండి. అది కోన్ స్నెయిల్ కావచ్చు. జాగ్రఫీ కోన్ అనే జాతి కుట్టి మనుషులు చనిపోయారు. మరో జాతి, కోనస్ మేగస్, విషంలోని పదార్థం ఆధారంగా జికోనోటైడ్ అనే నొప్పి మందు తయారైంది. అమెరికాలో 2004లో దానికి అనుమతి వచ్చింది. మార్ఫిన్‌కీ లొంగని నొప్పులకి దాన్ని వెన్నెముక ద్రవంలోకి ఎక్కిస్తారు.

సముద్రం పక్కనే ఉంది కదా, నత్తల్ని అక్కడే ఏరుకొచ్చుకుంటే పోలా అని అడిగేవాళ్లున్నారు. కుదరదు. రీఫ్ ట్యాంక్‌లో లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉండాలి. వంశధార కలిసే కళింగపట్నం దగ్గర, నాగావళి కలిసే కళ్లేపల్లి దగ్గర, వానాకాలంలో ఆ లెక్క ఎంతో పడిపోతుంది. పైగా మన తీరం ఎక్కువగా ఇసుక. ఇక్కడ నడిచే నత్తల్లో కుళ్లిన మాంసం వెతికే బుల్లియాలూ, చిప్పలు తొలిచే మూన్ స్నెయిల్‌లూ ఎక్కువ, రాతి నాచు గీకేవి తక్కువ. పగడపు రాయి సంగతైతే అసలు తలపెట్టొద్దు. మన దేశపు రాతి పగడాలన్నిటికీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. వాటిని సముద్రంలోంచి తీయడం నేరం. అమ్మేవాడు ఎక్కడిదో చెప్పలేని రాయి కొనకండి.