నోవహు వేరు, నోయా వేరు: ఒక పేరు చుట్టూ అపోహలు

బైబిలు కళాశాలలో హీబ్రూ చెబుతాను కాబట్టి, పిల్లల పేర్ల గురించి నన్ను అడుగుతుంటారు. ఆడపిల్లకు ‘నోయా’ అని పెట్టాలనుకుని, ఎవరో ఏదో అన్నారని వెనక్కి తగ్గేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

అపోహ: నోవహు పేరుకే ఇది ఆడ రూపం.

వాస్తవం: ఇంగ్లీషులో ఒక్క హెచ్ తేడా కనిపించబట్టి వచ్చిన పొరపాటిది. ఓడ కట్టిన నోవహు పేరుకు హీబ్రూలో నూన్, హేత్ అని రెండక్షరాలు. విశ్రాంతిని చెప్పే ధాతువు. నోయాకు నూన్, అయిన్, హే అని మూడు. దీని ధాతువుకు కదలడమని అర్థం.

అపోహ: కదలడమంటే పిల్లకు నిలకడ ఉండదు.

వాస్తవం: తమ్ముణ్ని చంపిన కయీనుకు తగిలిన శాపంలో ఈ క్రియ ఉన్నమాట నిజమే. అక్కడే ఆగిపోకండి. సమూయేలు ప్రవక్త తల్లి హన్నా బిడ్డ కోసం షిలోహు మందిరంలో మొరపెట్టుకున్నప్పుడు స్వరం వినబడలేదు, పెదవులు మాత్రమే కదిలాయి. అక్కడున్నదీ ఇదే క్రియ. యెషయా 7లో గాలికి అడవి చెట్లు ఊగడానికీ ఇదే వాడారు. నాకైతే ఈ పేరు వింటే హన్నాయే గుర్తొస్తుంది.

అపోహ: వంశావళిలో ఎక్కడో దొర్లిపోయే పేరు, కథేమీ లేదు.

వాస్తవం: సంఖ్యాకాండము 27 చదవండి. మనష్షే గోత్రపు సెలోపెహాదు కొడుకులు లేకుండా అరణ్యంలో చనిపోయాడు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అనే అతని అయిదుగురు కూతుళ్లు ప్రత్యక్షపు గుడారం దగ్గర మోషే, యాజకుడైన ఎలియాజరు, పెద్దలందరి ఎదుట నిలబడ్డారు. కొడుకులు లేనంత మాత్రాన మా నాన్న పేరు ఎందుకు పోవాలి, మాకూ భూమి ఇవ్వండి అన్నారు. వాళ్లు అడిగింది న్యాయమేనని దేవుడే చెప్పాడు. సొంత గోత్రంలోనే పెళ్లాడాలన్న షరతు 36వ అధ్యాయంలో వచ్చింది, అయినా యెహోషువ గ్రంథం 17వ అధ్యాయం నాటికి వాళ్ల వాటా వాళ్లకు దక్కింది. ఆడపిల్లకు పేరు పెట్టడానికి ఇంతకన్నా మంచి కారణం నాకు తెలియదు.

అపోహ: ఇది ఈ కాలపు ఫ్యాషన్ పేరు.

వాస్తవం: ఇజ్రాయెల్‌లో ఇది చాలా ఏళ్లు ఆడపిల్లల పేర్లలో ముందు నిలిచింది, నిజమే. కానీ 1910లో ప్రాచీన ఇశ్రాయేలు రాజ్యపు రాజధాని సమరయ తవ్వకాల్లో దొరికిన క్రీ.పూ. 8వ శతాబ్దపు కుండపెంకుల మీద, సిరాతో రాసిన ప్రాంతాల పేర్లలో నోయా ఉంది. హొగ్లా కూడా ఉంది.

జనన ధ్రువపత్రంలో ఇంగ్లీషున ఎన్, ఓ, ఏ అని మూడక్షరాలే రాయించండి. హెచ్ చేరిస్తే విదేశాల్లో మగపిల్లాడి పేరుగా చదువుతారు.