కొల్లేరు నీళ్ళు: అపోహలు, వాస్తవాలు

నీటి పరీక్షలు మా పని. కొల్లేరు చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్ళినా ఈ మాటలు వినిపిస్తూనే ఉంటాయి.

అపోహ: తెల్లారేసరికి చేపలు తేలాయంటే ఎవరో మందు కలిపారు.

వాస్తవం: కలిపితే కలిపి ఉండొచ్చు, కానీ ముందు అనుమానించాల్సింది ఆక్సిజన్‌ని. పగలు ఎండకి నాచు ఆక్సిజన్ వదులుతుంది. రాత్రయితే అదే నాచు, చేపలు, అడుగు బురదలోని బ్యాక్టీరియా అన్నీ కలిసి వాడేసుకుంటాయి. అందుకే పొద్దు పొడిచే ముందు అది బాగా పడిపోతుంది. వరసగా మబ్బు పట్టిందా, ఇక టెన్షనే. లీటరుకి 2 మిల్లీగ్రాముల లోపుకి దిగితే బొచ్చెలు, శీలావతులు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. ఆక్సిజన్ చాలనప్పుడు సాధారణంగా పెద్ద చేపలే ముందు పోతాయి. పైకొచ్చి గాలి పీల్చుకునే కొర్రమీను, మార్పు చేపలు తట్టుకుంటాయి. అవి కూడా, చిన్నా పెద్దా తేడా లేకుండా, ఒక్కసారే చస్తే అప్పుడు మందు సంగతి ఆలోచించండి. మధ్యాహ్నం పట్టిన నీళ్ళ రిపోర్టు చూపించి "ఆక్సిజన్ బాగానే ఉందిగా" అనేవాళ్ళకి ఏం చెప్పాలో నాకు తెలీదు.

అపోహ: నీళ్ళు పచ్చబడితే పాడైనట్టే.

వాస్తవం: లేత పచ్చ అంటే తిండి ఉన్నట్టు. గాజు గ్లాసుతో ముంచి వెలుతురుకి పట్టి చూడండి. తెల్లటి చుక్కలు కుదుపుకుంటూ ఈదుతుంటాయి. అవి జంతుప్లవకాలు. నాచుని మేసేవీ అవే, చేపపిల్లల తొలి తిండీ అవే. భయపడాల్సింది పైన పెయింటు ఒలికినట్టు తెట్టు కట్టినప్పుడు. అది నీలి ఆకుపచ్చ నాచు. అందులో మైక్రోసిస్టిస్ లాంటివి కాలేయాన్ని దెబ్బతీసే విషం తయారుచేయగలవు. పశువుల్ని అటు తోలొద్దు.

అపోహ: దోమలకి గంబూసియా చేపల్ని వదిలితే చాలు.

వాస్తవం: 1928లో మన దేశానికి తెచ్చిన ఈ చేప దోమ పిల్లలతో పాటు ఆ జంతుప్లవకాల్నీ తినేస్తుంది. మేసేవి తగ్గితే నాచు పెరుగుతుంది. సహజమైన చెరువులో దీన్ని వదలడానికి నేనైతే ఒప్పుకోను.

అపోహ: గుర్రపు డెక్క నీళ్ళని శుభ్రం చేస్తుంది, ఉండనివ్వండి.

వాస్తవం: సగమే నిజం. నత్రజని, భాస్వరం పీల్చుకున్నా, కుళ్ళాక తిరిగి నీళ్ళలోకే వదిలేస్తుంది. పైగా కింద వెలుతురు పడనివ్వదు. తీసి గట్టు మీదే కుప్ప పోస్తే వానకి మళ్ళీ చెరువులోకే. అలాగని తుంగ, జమ్ము కూడా పీకేయకండి, చేపపిల్లలు దాక్కునేది వాటి మధ్యే.

అపోహ: కొల్లేటి పక్షుల కేంద్రం ఆటపాకలోని గూడబాతులు (పెలికాన్లు) సైబీరియా నుంచి వస్తాయి.

వాస్తవం: చలికాలం ఉత్తర దేశాల నుంచి వచ్చే బాతులు వేరే. ఈ గూడబాతులు మన దక్షిణాసియావే. ఆటపాకలో కట్టిన ఇనుప స్టాండ్ల మీదే గూళ్ళు పెట్టి పిల్లల్ని పెంచుతాయి.