నీళ్లు పడితే కనిపించే మనిషి

సినిమా శాస్త్రజ్ఞులకు పిడుగు కలిసొచ్చినట్టు మరెవరికీ కలిసిరాదు. 1972లో డిస్నీ సంస్థ తీసిన 'నౌ యూ సీ హిమ్, నౌ యూ డోంట్' కథ కూడా పిడుగుతోనే ఊపందుకుంటుంది. మెడ్‌ఫీల్డ్ అనే కల్పిత కాలేజీ ల్యాబ్ మీద పిడుగు పడుతుంది. డెక్స్టర్ రైలీ అనే విద్యార్థి ప్రయోగం పాడైపోతుంది. తీరా చూస్తే, మిగిలిన ద్రవం తగిలిన వస్తువల్లా మాయం! రైలీగా కుర్ర కర్ట్ రస్సెల్, కాలేజీని కాజేయాలని చూసే ఆర్నోగా సీజర్ రొమీరో నటించారు. డీన్‌గారు గోల్ఫ్ ఆడుతుంటే కంటికి కనపడని శిష్యుడు పక్కనుండి సాయం చేసే ఘట్టానికి ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఆ ద్రవానికి ఒక చిక్కుంది. నీళ్లు తగిలితే కడుక్కుపోతుంది, మాయమైన మనిషి మళ్లీ కనిపిస్తాడు. ఎప్పుడో ఒకప్పుడు హీరోని బయటపెట్టాలి కాబట్టి రచయితలు చూసుకున్న అడ్డదారి ఇదని చాలాకాలం అనుకున్నాను. సైన్సు పరంగా సినిమా మొత్తంలో నిజానికి కాస్త దగ్గరగా ఉన్నది ఆ ఒక్క ముక్కేనని తర్వాత తెలిసింది.

అసలు ఒక వస్తువు మనకెందుకు కనిపిస్తుంది? అది కాంతిని పీల్చుకోవాలి, లేదా వెనక్కి కొట్టాలి, లేదా దారి మళ్లించాలి. మూడింటిలో ఏదీ చేయకపోతే కనిపించదు. పారదర్శకమైన గాజు మొదటి పని దాదాపు చేయదు, అయినా గ్లాసు అంచులు మెరుస్తూ కనిపిస్తాయి. కారణం గాలిలో కాంతి వేగం వేరు, గాజులో వేరు. ఆ తేడాను కొలిచే అంకె వక్రీభవన గుణకం. గాలికి దాదాపు 1, నీటికి 1.33. పైరెక్స్ గాజుకు సుమారు 1.47, గ్లిజరిన్‌కూ ఇంచుమించు అంతే. అందుకే గ్లిజరిన్‌లో పైరెక్స్ కడ్డీ ముంచితే మునిగినంత మేరా కనపడకుండా పోతుంది. కడ్డీ ఎక్కడికీ పోలేదు. ఎక్కడ ద్రవం ఆగి ఎక్కడ గాజు మొదలైందో కాంతికి తెలియలేదు, అంతే.

పాలు తెల్లగా ఉండటం వెనకా ఇదే సంగతి. నీటిలో తేలే కొవ్వు బిందువులకు గుణకం వేరు కావడంతో కాంతి అడుగడుగునా చెదిరిపోతుంది. కాగితం మీద నూనె పడితే ఆ మచ్చలోంచి అవతలి వెలుతురు కనిపిస్తుంది, ఎందుకంటే పోగుల మధ్య ఉన్న గాలిని తరిమేసి, పోగులకు దగ్గరి గుణకం ఉన్న నూనె అక్కడ చేరింది. తడిసిన తెల్ల బట్టా అంతే. అంటే మామూలు జీవితంలో నీళ్లు వస్తువుల్ని మాయం చేసేవైపే సాయపడతాయి. సినిమాలో మాత్రం తిరగబడింది.

ఈ గుణకం సంగతి 1897లోనే ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్‌కు తెలుసు. అదృశ్య మనిషి గురించిన ఆయన నవలలో హీరో తన శరీరపు గుణకాన్ని గాలి గుణకానికి దించుకుంటాడు. అయితే ఇక్కడొక పేచీ ఉంది. చూపు రావాలంటే కంటి ముందుభాగమైన కార్నియా కాంతిని వంచాలి, కంటి వెనక తెరలాంటి రెటీనా దాన్ని పీల్చుకోవాలి. ఈత కొట్టేటప్పుడు నీళ్లలో కళ్లు తెరిస్తే అంతా మసకగా ఉండేది ఇందుకే: కార్నియా గుణకానికీ నీటి గుణకానికీ పెద్ద తేడా లేక కాంతి తగినంత వంగదు. ఒళ్లంతా గాలితో సమానమైతే కాంతి వంగదు, రెటీనా మీద ఆగదు. పూర్తిగా మాయమైనవాడు పూర్తిగా గుడ్డివాడే. వెల్స్ ఇది ఆలోచించి కాబోలు, కళ్ల వెనక మంచులాంటి రంగు కొంచెం మిగిల్చాడు. పైగా కనురెప్పలు కూడా పారదర్శకమై, వెలుతురు ఆపుకోలేక అతను పడుకోవడానికి ముఖం మీద దుప్పటి కప్పుకుంటాడు. మెడ్‌ఫీల్డ్ కుర్రాళ్లకు ఇలాంటి టెన్షన్లేవీ లేవు. ఒళ్లంతా పూసుకుని హాయిగా దారి చూసుకుంటూ తిరుగుతారు.

పైపూతకు బదులు కాంతినే చుట్టు తిప్పి పంపే పద్ధతి ఇంకొకటుంది. 2006లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఒక రాగి సిలిండర్ చుట్టూ ప్రత్యేకంగా తయారుచేసిన వలయాలు అమర్చి, ఆ పని మైక్రోవేవ్ తరంగాలతో చేసి చూపారు. పూర్తిగా కుదరకపోయినా చాలావరకు తరంగాలు పక్కనుంచి వెళ్లి మళ్లీ కలుసుకున్నాయి. ఆ తరంగాల పొడవు సెంటీమీటర్లలో ఉంటుంది, మన కంటికి కనిపించే కాంతిది మిల్లీమీటరులో వెయ్యోవంతు కన్నా తక్కువ. ఆ తేడా వల్ల మనిషిని దాచడం ఇంకా కలే.

అసలు విశేషం 2024లో అమెరికాలోనే ఉన్న స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. చర్మం పారదర్శకం కాకపోవడానికి పాల లెక్కే కారణం: కణాల్లోని నీటికి ఒక గుణకం, కొవ్వులకూ ప్రొటీన్లకూ 1.4 పైచిలుకు. ఆ పరిశోధకులు టార్ట్రజీన్ అనే పసుపు ఆహార రంగును నీటిలో గాఢంగా కలిపి ఎలుక చర్మం మీద రుద్దారు. చిప్స్‌లో, మిఠాయిల్లో వాడే రంగే అది. నీలి కాంతిని గట్టిగా పీల్చుకునే రంగు నీటిలో కలిస్తే, ఎర్ర కాంతి విషయంలో ఆ నీటి గుణకం పెరిగి, కొవ్వుల, ప్రొటీన్ల గుణకానికి దగ్గరవుతుంది. 1920ల్లో క్రోనిగ్, క్రామర్స్ అనే భౌతిక శాస్త్రజ్ఞులు విడివిడిగా కనిపెట్టిన సూత్రమే దీని వెనక ఉంది. రంగువేసి మరుగుపరచడం మనకు తెలుసు. రంగు పూస్తే లోపలిది కనపడటం మాత్రం వింతే! కొద్ది నిమిషాల్లో ఎలుక పొట్ట మీది చర్మం ఎర్రటి గాజులా మారి, లోపల పేగుల కదలిక కనిపించింది. తలమీద రుద్దితే మెదడు పైనున్న రక్తనాళాలు కనిపించాయి.

ఎలుక మాయం కాలేదు. చర్మం ఒక కిటికీ అయింది, అంతే. రక్తపు ఎరుపును ఈ కిటుకు చెరపలేదు, ఎందుకంటే రక్తానికి ఎరుపునిచ్చే హీమోగ్లోబిన్ కాంతిని చెదరగొట్టడం కాదు, పీల్చుకుంటుంది. ఆ చిక్కు ఒళ్లు పారదర్శకంగా ఉండే గాజు కప్పలకూ ఉంది. అవి నిద్రపోయేటప్పుడు ఎర్ర రక్తకణాల్లో దాదాపు 90 శాతాన్ని కాలేయంలో దాచేసుకుంటాయి. మనిషి చర్మమేమో ఎలుకదానికంటే చాలా మందం, రంగు అంత లోతుకు దిగడం కష్టం.

చూడాల్సింది చూశాక స్టాన్‌ఫర్డ్‌వాళ్లు ఎలుక చర్మాన్ని నీళ్లతో కడిగేశారు. కిటికీ మూసుకుపోయింది.