బంతిలో దొంగ అతిథి

చెన్నై అడయార్ క్యాన్సర్ ఆసుపత్రిలో మా చుట్టాల పిల్లాడికి ఆ రోజు ఎక్కిస్తున్న సెలైన్ పచ్చగా, పసుపు కలిపిన నీళ్లలా ఉంది. "ఇదేం మందన్నయ్యా?" అంది వాళ్లమ్మ. నెల్లూరు నుంచి వచ్చిన ఆమెకు తమిళం రాదు, నాకు వైద్యం రాదు. సీసా మీది పేరు చదివాను: మెథోట్రెక్సేట్. క్యాన్సర్‌కిచ్చే మందు. ఈ మందు వెనక మనవాడొకడున్నాడు.

యల్లాప్రగడ సుబ్బారావు భీమవరంలో పుట్టి, ఇక్కడే మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివారు. ఎంబీబీఎస్ బదులు అంతకన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్ పట్టా ఇచ్చారు, ఖద్దరు కట్టినందుకే అంటారు. తర్వాత అమెరికా వెళ్లారు. లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ అనే బి విటమిన్‌ను తయారుచేసింది. ఆ తర్వాత దాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్. మెథోట్రెక్సేట్ దానికి తమ్ముడు.

కణం రెండవ్వాలంటే కొత్త డీఎన్ఏ కావాలి, దానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. అయితే ముందు ఒక ఎంజైమ్ దాన్ని పనికొచ్చే రూపానికి మార్చాలి. మెథోట్రెక్సేట్ చూడ్డానికి అచ్చం ఫోలిక్ యాసిడే. ఆ ఎంజైమ్ దగ్గర, పెళ్లి బంతిలో దొంగ అతిథిలా, విస్తరి ముందు కూర్చుంటుంది, తినదు, లేవదు. వెనక నిలబడ్డ అసలు చుట్టాలకు చోటు దొరకదు. ఆవురావురుమంటూ పెరిగే క్యాన్సర్ కణాలకు ముందు దెబ్బ తగులుతుంది. త్వరగా పెరిగే అలవాటున్న ఎముక మజ్జకూ, నోటి లోపలి పొరకూ తగులుతుంది. నోటిపూత అందుకే.

బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించిన లెక్కలో, అమినోప్టెరిన్ ఇచ్చిన 16 మంది లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. కొన్నాళ్లకే తిరగబెట్టింది, నిజమే. అంతకుముందు ఆ మాత్రం కూడా లేదు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు పోయారు.

పెద్ద మోతాదు ఇచ్చాక ల్యూకోవోరిన్ అనే విరుగుడు టైము ప్రకారం ఇస్తారు. అది ముందే పనికొచ్చే రూపానికి మారిన ఫోలేటు, ఫోలిక్ యాసిడ్ జాతిదే, ఆ ఎంజైమ్ దగ్గర కూర్చోనక్కర్లేదు. మంచి కణాలకు దొడ్డిదారిన అన్నం పెట్టడమన్నమాట. బలానికని ఇంట్లోవాళ్లు సొంతంగా ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేయకూడదు, డాక్టరు చెప్తే తప్ప.

మూత్రం పుల్లబడితే మందు కిడ్నీలో గడ్డకడుతుంది. అందుకే సోడా బైకార్బొనేట్, సీసాలకొద్దీ సెలైన్. నర్సమ్మ మూత్రంలో ముంచిన చిన్న కాగితం ముక్కను రంగుల పట్టీ పక్కన పెట్టి చూసింది. ఆకుపచ్చకు తిరిగింది, పులుపు లేదన్నట్టు. "సరి మా," అంది. ఆ ముక్కకి అనువాదం అక్కర్లేకపోయింది.