60 మిలియన్ డాలర్ల స్టేడియం, దానితోపాటే ఒక ఆడిటోరియం: అలెన్ గొడవ వెనుక కథ

టెక్సాస్‌లో డాలస్‌కు ఉత్తరాన ఉన్న అలెన్, ప్లేనో, ఫ్రిస్కో, మెకిన్నీ వైపు స్కూల్ బాండ్ ఎలక్షన్ (బడి కట్టడాల కోసం అప్పు చేయొచ్చా అని జనాన్ని అడిగే ఓటు) వచ్చిందంటే మనవాళ్ల మధ్య ఒకటే వాదన. టీచర్లకు జీతాలు పెంచడానికి చేతులు రావు గానీ ఫుట్‌బాల్‌కి మాత్రం మిలియన్లు పోస్తారా అని ఒకరు, పోనీ ఆ డబ్బేదో బ్యాండుకో ఆర్కెస్ట్రాకో పెట్టొచ్చుగా అని ఇంకొకరు. కోపంలో న్యాయం ఉంది, లెక్కే తప్పు. అలెన్ హైస్కూల్ సంగతి చూస్తే ఎక్కడ తప్పుతోందో తెలుస్తుంది.

అలెన్ జనాభా లక్ష దాటింది, అయినా అక్కడి బడులన్నీ నడిపే స్కూల్ డిస్ట్రిక్టుకి మామూలు హైస్కూల్ ఒక్కటే. పక్కనున్న ఫ్రిస్కో డిస్ట్రిక్టు పిల్లలు పెరిగేకొద్దీ కొత్తవి కట్టుకుంటూ డజను దాకా వెళ్లింది. అలెన్ మాత్రం ఊరికి ఒకే స్కూలు, ఒకే జట్టు, ఒకే బ్యాండు అని పట్టుబట్టి కూర్చుంది. అందుకే 5 వేలకు పైగా పిల్లలు, అందుకే ఈగిల్ ఎస్కాడ్రిల్ అనే ఆ మార్చింగ్ బ్యాండులో కొన్నేళ్లు 600, 700 మందికి పైగా, దేశంలోనే అతి పెద్ద హైస్కూల్ బ్యాండ్ అన్న పేరు. ఆట చూడటానికి వచ్చే జనం సంగతి తర్వాత, ముందు ఆ బ్యాండు పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టాలన్నదే పెద్ద ప్రశ్న. పాత స్టేడియంలో చోటు చాలక ఏటా తాత్కాలిక బెంచీలు అద్దెకు తెచ్చి వేసేవారు.

2009 మే నెలలో దాదాపు 119 మిలియన్ డాలర్ల బాండు ఓటుకు వచ్చింది. మాంద్యం నడుస్తున్న రోజులవి, అయినా 60 శాతానికి పైగా ఓట్లతో గెలిచింది. అందులో సుమారు 60 మిలియన్లు 18 వేల సీట్ల స్టేడియానికి. అదే బాండులో ఒక పర్ఫార్మింగ్ ఆర్ట్స్ సెంటరూ (సంగీతం, నాటకాలకు ఆడిటోరియం), బస్సుల కోసం ఒక సర్వీస్ సెంటరూ ఉన్నాయన్నది ఇప్పుడు ఎవరికీ గుర్తుండదు, పేపర్లన్నీ స్టేడియం చుట్టూనే తిరిగాయి మరి. 2012లో స్టేడియం తెరిచారు. సరిగ్గా ఆ ముందు ఏడాది, 2011లో, టెక్సాస్ అసెంబ్లీ బడుల నిధుల్లో 5 బిలియన్లకు పైగా కోత పెట్టింది. ఒక పక్క టీచర్ పోస్టులు పోతుంటే ఇంకో పక్క స్టేడియం లైట్లు వెలుగుతుంటే జనం ఏమనుకుంటారు? పైగా 2014లో కాంక్రీటులో పగుళ్లు కనిపించి దాన్ని మూసేశారు, ఆ సీజనంతా జట్టు వేరే ఊళ్ల మైదానాల్లో ఆడింది.

ఇక అసలు లెక్క. టెక్సాస్‌లో ప్రాపర్టీ ట్యాక్స్‌లో స్కూలు వాటా రెండు జేబుల్లోకి వెళ్తుంది. ఎం అండ్ ఓ అనే మొదటి జేబులోంచే జీతాలు, కరెంటు, రోజువారీ ఖర్చు. ఐ అండ్ ఎస్ అనే రెండోది బాండు అప్పు తీర్చడానికి మాత్రమే, దాంట్లోంచి టీచర్‌కి ఒక్క డాలరు జీతం ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు. దీనికి 1993 నాటి రాబిన్‌హుడ్ చట్టం తోడైంది. ఆస్తి విలువ ఎక్కువున్న డిస్ట్రిక్టు మొదటి జేబులోంచి కొంత రాష్ట్రానికి వదులుకోవాలి, రెండో జేబు జోలికి మాత్రం ఎవరూ రారు. అంటే కట్టడాల మీద పెట్టే డబ్బు ఊళ్లోనే ఉంటుంది, జీతాల కోసం వసూలు చేసేదాంట్లో కొంత రాజధాని ఆస్టిన్‌కు పోవచ్చు. డబ్బున్న సబర్బులు కట్టడాల వైపే ఎందుకు మొగ్గుతాయో ఇక వేరే చెప్పాలా!

ఫుట్‌బాల్ వేరు, కళలు వేరు అనుకోవడం కూడా అక్కడి చరిత్రకు అంతగా సరిపోదు. రాష్ట్రంలో స్కూలు పోటీలన్నీ నడిపే యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్ 1910లో టెక్సాస్ యూనివర్సిటీలో డిబేట్ పోటీల కోసం మొదలైంది, ఆటలు ఆ తర్వాతే వచ్చి చేరాయి. ఇప్పటికీ ఫుట్‌బాల్, బ్యాండు, నాటకం, గణితం అన్నీ ఆ గొడుగు కిందే. నల్లజాతి పిల్లల బడులకు మాత్రం దశాబ్దాల పాటు ప్రెయిరీ వ్యూ అనే నల్లజాతి కాలేజీలో వేరే లీగ్ ఉండేది, 1970 నాటికి గానీ అది ఇందులో పూర్తిగా కలవలేదు. ఆట మధ్య విరామంలో మైదానంలో వరసగా డాన్సు చేసే డ్రిల్ టీమ్ సంగతీ అంతే. గస్సీ నెల్ డేవిస్ అనే టీచరమ్మ గ్రీన్‌విల్ హైస్కూల్లో అమ్మాయిలతో మొదలుపెట్టి, 1940లో కిల్గోర్ కాలేజీ రేంజరెట్స్‌ని మైదానంలోకి దింపారు, వాళ్లని చూసే ఊరూరా హైస్కూల్ డ్రిల్ టీములు పుట్టుకొచ్చాయి. అలా డాన్సు బడిలోకి వచ్చింది ఫుట్‌బాల్ హాఫ్‌టైమ్ దారిలోనే.

1984లో వచ్చిన నో పాస్ నో ప్లే కూడా ఆటగాళ్లనీ బ్యాండు పిల్లల్నీ ఒకే తాటికి కట్టింది. డాలస్ వ్యాపారవేత్త రాస్ పెరో కమిటీ సలహాతో వచ్చిన ఆ చట్టం ప్రకారం ఏదైనా సబ్జెక్టులో 70 కంటే తగ్గితే ఆరు వారాలు ఆటా లేదు, బ్యాండు పోటీ కూడా లేదు. కోచ్‌లు గోల చేశారు, 1995లో దాన్ని మూడు వారాలకు తగ్గించారు. మన అమ్మానాన్నలకు మాత్రం ఆ ఆరు వారాల చట్టమే నచ్చి ఉండేది.

ఈ కట్టకు ముడి విప్పింది 2019 నాటి చట్టాలు. వెయ్యికి పైగా సీట్ల స్టేడియం, ఈత కొలను, పర్ఫార్మింగ్ ఆర్ట్స్ భవనం, టెక్నాలజీ పరికరాలు, ఇలాంటివి ఒక్కోటీ బ్యాలెట్‌లో విడివిడి ప్రతిపాదనగా ఉండాలన్నారు, పైగా ఇది ప్రాపర్టీ ట్యాక్స్ పెంపు అని పెద్దక్షరాల్లో రాయాలన్నారు. నా మటుకు విడదీయడమే న్యాయం. 2009లో బస్సుల షెడ్డు కావాలన్నా స్టేడియంతో కలిపి మింగాల్సిందే, అది ఎంపిక ఎలా అవుతుంది? ట్యాక్స్ పెంపు అన్న మాట మాత్రం రేటు పెరగకపోయినా రాయాల్సిందే, అక్కడ జనాన్ని భయపెట్టాలన్న ఉద్దేశమే నాకు కనిపిస్తుంది. ఇక మనలో హెచ్1బీ, గ్రీన్‌కార్డు వరసలో ఉన్నవాళ్లకి ఈ ఎంపికలేవీ దక్కవు, ఇంటి పన్ను మాత్రం అందరితో సమానంగా కట్టాలి, బ్యాలెట్ పేపరు చేతికి రాదు.

స్టేడియం డబ్బు కళలకు పెట్టొచ్చుగా అనేవాళ్లు 2025 మే ఫ్రిస్కో ఓటింగ్ కూడా చూడాలి. అది సిటీ ఎలక్షన్, ప్రాస్పర్ స్కూల్ డిస్ట్రిక్టుతో కలిసి కట్టాలనుకున్న పర్ఫార్మింగ్ ఆర్ట్స్ సెంటర్ కోసం రెండు ప్రతిపాదనలు. వాటిలో ఫుట్‌బాల్ ఊసే లేదు. రెండూ ఓడిపోయాయి.